ఆసుపత్రి సిబ్బందికి భద్రతా శిక్షణ: ఏ ప్రమాదానికి ఏ పద్ధతిని ఎంచుకోవాలి

ఆసుపత్రిలో పనిచేసేవారి భద్రత కోసం శిక్షణ ఏర్పాటు చేయాలనుకోగానే మొదలయ్యే చర్చ ఒకటే: ఆన్‌లైన్ కోర్సు కొనాలా, బయటి సంస్థను పిలిపించి తరగతులు పెట్టించాలా, లేక ఉన్న సీనియర్ నర్సులతోనే చెప్పించాలా? ఖర్చూ సమయమూ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి ఆ చర్చ అనవసరమని అనలేం. కానీ అంతకంటే ముందు తేల్చుకోవలసింది, మన సిబ్బందికి దెబ్బ ఎక్కడ తగులుతోందన్నది. సూది గుచ్చుకోవడం, రోగిని మంచం మీద పైకి జరిపేటప్పుడు నడుం పట్టేయడం, అత్యవసర విభాగంలో రోగి బంధువులు చేయిచేసుకోవడం, ప్రయోగశాలలో ఫార్మలిన్ ఆవిరి పీల్చడం, క్షయ రోగి గదిలోకి సరిగా బిగియని మాస్కుతో వెళ్లడం, ఇవన్నీ ఒకే శీర్షిక కింద చేరినా వాటి స్వభావాలు వేరు. కొన్నిటికి తెలియకపోవడం కారణం, కొన్నిటికి చేతి అలవాటు కారణం, మరికొన్నిటికి సామగ్రి లేకపోవడమే కారణం. మొదటి రకానికి పాఠం చాలు, రెండో రకానికి సాధన కావాలి, మూడో రకానికి ఎంత గొప్ప శిక్షణ ఇచ్చినా ఫలితం ఉండదు.

శిక్షణకు ముందు చూడవలసినవి

వృత్తి ఆరోగ్య రంగంలో భద్రతా చర్యలకు స్థిరపడిన ఒక వరుస ఉంది. ప్రమాదాన్ని పూర్తిగా తొలగించడం అన్నిటికంటే మేలు. అది కుదరకపోతే తక్కువ హాని చేసేదానిని బదులుగా వాడాలి, ఆ తర్వాత పరికరాలతో అడ్డుకట్ట వేయాలి, ఆ తర్వాతే నియమాలు, శిక్షణ వస్తాయి, చిట్టచివర గ్లౌజులు, మాస్కుల వంటి వ్యక్తిగత రక్షణ సామగ్రి. మాత్రతో సరిపోయే చోట ఇంజెక్షన్ మానేయడం తొలగింపు. వాడిన వెంటనే మొన లోపలికి ముడుచుకుపోయే సూదిని తెప్పించడం పరికరంతో అడ్డుకట్ట. "వాడిన సూదికి మూత తిరిగి పెట్టకండి" అని చెప్పడం శిక్షణ. ఈ వరుసలో శిక్షణ కిందినుంచి రెండో మెట్టు మీద ఉందన్న సంగతిని శిక్షణ సంస్థల ప్రతినిధులు సహజంగానే గుర్తుచేయరు.

దీనిని నిర్ధారించుకోవడానికి వార్డులో ఒక పూట నిలబడి చూస్తే చాలు. సూదులు వేసే డబ్బా నర్సింగ్ స్టేషన్‌లో బల్ల కింద ఉండి, ఇంజెక్షన్ ఇవ్వవలసిన రోగి వార్డు చివరి మంచం మీద ఉంటే, నర్సు వాడిన సూదిని చేత్తో పట్టుకుని మంచాలన్నీ దాటుకుంటూ రావాలి. దారిలో ఎవరో "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అంటారు. ఆమె ఆగి, చేయి ఖాళీ చేసుకోవడానికి సూదికి మూత పెడుతుంది, అక్కడే గుచ్చుకుంటుంది. మూత పెట్టకూడదని ఆమెకు తెలుసు, పరీక్ష పెడితే నూటికి నూరు మార్కులు కూడా వస్తాయి. అక్కడ కావలసింది మందుల ట్రాలీకి బిగించిన ఒక డబ్బా, అది మూడు వంతులు నిండగానే మార్చే మనిషి. ఆ రెండూ లేని ఆసుపత్రి శిక్షణకు కేటాయించిన సొమ్ములో కొంత ముందు వాటికే మళ్లించాలని నా స్పష్టమైన సలహా.

ఆన్‌లైన్ కోర్సులు

ఎవరికి వారు తీరికలో చేసుకునే ఆన్‌లైన్ కోర్సుల ప్రధాన బలం ఏకరూపత. పగటి డ్యూటీ వారికీ, రాత్రి డ్యూటీ వారికీ, నిన్న చేరినవారికీ ఒకే పాఠం అందుతుంది, ఎవరు పూర్తిచేశారో నమోదై ఉంటుంది, ఉపాధ్యాయుడి కోసం ఎదురుచూడవలసిన పని లేదు. ఖర్చు కూడా పెద్ద అడ్డంకి కాదు; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రారంభించిన ఓపెన్‌డబ్ల్యూహెచ్‌ఓ వేదిక ద్వారానే సంక్రమణ నివారణ మొదలుకొని అనేక అంశాల మీద ఉచితంగా కోర్సులు వచ్చాయి. ఏ వ్యాధి ఏ మార్గంలో సోకుతుంది, ఏ వ్యర్థం ఏ రంగు సంచిలోకి వెళుతుంది, ప్రమాదం జరిగితే ఎవరికి తెలియజేయాలి, రసాయనాల సీసా మీద ఉండే గుర్తుల అర్థమేమిటి అన్నటువంటి తెలుసుకోవలసిన విషయాలకు ఈ పద్ధతి బాగా సరిపోతుంది.

దీని బలహీనతలు వాడుకలో బయటపడతాయి. వీడియోను ఒక పక్కన నడవనిచ్చి, చివర ప్రశ్నలకు పక్కవారిని అడిగి జవాబులు పెట్టి, ధ్రువపత్రం దించుకోవడం ఎవరికీ కష్టం కాదు. అంతకంటే గట్టి అభ్యంతరం, సందేహం వచ్చినప్పుడు అడగడానికి మనిషి ఉండకపోవడం. రక్తం ద్వారా సోకే వ్యాధుల నుంచి ఉద్యోగులను కాపాడేందుకు అమెరికా 1991లో తెచ్చిన నిబంధన ఈ విషయంలో గమనించదగ్గది: శిక్షణ ఇచ్చే వ్యక్తిని ప్రశ్నలు అడిగి జవాబులు పొందే అవకాశం ఉండి తీరాలని, బోధన ఉద్యోగికి అర్థమయ్యే భాషలో, స్థాయిలో ఉండాలని, పని వేళల్లోనే ఖర్చు లేకుండా జరగాలని అది నిర్దేశిస్తుంది. ఆ దేశపు చట్టం మనకు వర్తిస్తుందా లేదా అన్నది అటుంచితే, ఏ ఆన్‌లైన్ కోర్సునైనా తూచడానికి ఈ షరతులు మంచి తూకపురాళ్లు. కోర్సు కొనేముందు పాఠాన్ని దాటవేసి నేరుగా పరీక్షకు వెళ్లగలమా, ప్రశ్నలు నిర్వచనాలను అడుగుతున్నాయా, లేక ఒక పరిస్థితిని చెప్పి ఏం చేస్తారని అడుగుతున్నాయా, మన ఆసుపత్రిలో ఫోన్ చేయవలసిన నంబరును అందులో చేర్చే వీలుందా అన్నవి స్వయంగా ఒకసారి కోర్సు చేసి చూడాలి. అమ్మకందారు చూపించే నమూనాతో సరిపెట్టుకోవడం మంచిది కాదు.

తరగతి బోధన

తరగతి గది పద్ధతికి ఈమధ్య చెడ్డపేరు వచ్చింది, దానికి కారణం సభామందిరంలో 200 మందిని కూర్చోబెట్టి స్లైడ్లు చదివి వినిపించే అలవాటు. అలాంటి సమావేశాల వల్ల హాజరు పట్టీ నిండుతుంది, అంతకు మించి జరిగేది తక్కువ. అదే తరగతిని ఇరవై, ఇరవై అయిదు మందికి పరిమితం చేసి, గత నెలల్లో అదే ఆసుపత్రిలో జరిగిన సంఘటనలను పేర్లు లేకుండా ముందుపెట్టి చర్చింపజేస్తే ఆన్‌లైన్‌లో ఎన్నటికీ రాని విషయాలు బయటికి వస్తాయి. కొత్త నియమం అమలులోకి వచ్చినప్పుడు, పర్యవేక్షకులకు వారి బాధ్యతలు చెప్పవలసి వచ్చినప్పుడు, సిబ్బందిలో భయమో అపోహో ఉన్నప్పుడు నేను తరగతినే ఎంచుకుంటాను. ఒక్క జాగ్రత్త అవసరం: వైద్యులనూ, ఆయాలనూ, వార్డుబాయ్‌లనూ ఒకే గదిలో కూర్చోబెడితే ఆయాలు, వార్డుబాయ్‌లు నోరు విప్పరు. వారికి విడిగా, వారి మాటల్లోనే చెప్పే తరగతి ఉండాలి.

చేతులతో చేయించే సాధన

వ్యక్తిగత రక్షణ దుస్తులు తొడుక్కోవడం కంటే విప్పడం కష్టమని వాటిని వాడినవారందరికీ తెలుసు. వేసుకునేటప్పుడు దుస్తులు శుభ్రంగా ఉంటాయి, విప్పేటప్పుడు వాటి బయటి భాగమంతా కలుషితమై ఉంటుంది, పైగా మనిషి అలసిపోయి ఉంటాడు. సాధన తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయిస్తారు. అతినీలలోహిత దీపం కింద మాత్రమే మెరిసే లోషన్‌ను గ్లౌజుల మీద, గౌను ముందు భాగం మీద పూసి, మామూలుగా విప్పమంటారు. ఆ తర్వాత దీపాలార్పి ఆ కాంతిని వేసి చూస్తే మణికట్టు దగ్గర, మెడ పక్కన, ఒక్కోసారి చెవి వెనుక మెరుపు మరకలు కనిపిస్తాయి. తనకంతా వచ్చనుకుని వచ్చిన మనిషి ఆ మరకను చూశాక గ్లౌజు అంచు పట్టుకునే తీరును తానే మార్చుకుంటాడు. ఈ మార్పును స్లైడ్ల ద్వారా తేవడం సాధ్యం కాదు. రక్షణ దుస్తుల మీద 2020లో వెలువడిన కొక్రేన్ సమీక్ష (ఒక అంశం మీద జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే నివేదిక) కూడా, పుస్తకాలో వీడియోలో ఇచ్చి వదిలేయడం కంటే ఎదురుగా ఉండి నేర్పడం వల్ల విప్పే పద్ధతిలో తప్పులు తగ్గే అవకాశం ఉందని పేర్కొంది. అందుకు ఆధారాలు ఇంకా బలపడవలసి ఉందని కూడా ఆ సమీక్షే చెప్పింది.

సాధన అనగానే ఖరీదైన బొమ్మలు, సిమ్యులేషన్ గదులు కావాలన్న భయం అక్కరలేదు. గౌన్లు, గ్లౌజులు, ఒక మంచం, ఒక దీపం, తప్పు పట్టుకోగల ఒక మనిషి ఉంటే సరిపోతుంది. అసలు ఖర్చు సమయానిది. ఒక శిక్షకుడు ఒక విడతలో ఆరుగురిని మించి సరిగా గమనించలేడు కాబట్టి, 300 మంది సిబ్బంది ఉన్నచోట ఇది 50 విడతల పని. అందుకే సాధనను అన్ని అంశాలకూ పెట్టకూడదు, చేతి అలవాటు ప్రాణం మీదికి తెచ్చే చోట్లకే కేటాయించాలి: సూదుల వాడకం, రక్షణ దుస్తులు విప్పడం, ఎన్95 మాస్కు బిగువు పరీక్ష, రోగిని కదపడం, కేన్సర్ మందులు ఒలికినప్పుడు శుభ్రం చేయడం, అగ్నిమాపక సిలిండర్ వాడకం. చేతులు శుభ్రం చేసుకోవడం కూడా ఈ జాబితాలోనిదే. సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ ద్రవంతో 20 నుంచి 30 సెకన్లు పట్టాలని పోస్టర్లలో ఉంటుంది గానీ, గడియారం పెట్టి చేయిస్తేనే 20 సెకన్లు ఎంత పొడవో తెలుస్తుంది.

డ్యూటీ మార్పిడి వేళ పది నిమిషాలు

షిఫ్టు మారే సమయంలో వార్డులోనే, నిలబడే, ఒక్క అంశం మీద మాట్లాడుకోవడం అన్నిటికంటే చౌకైన పద్ధతి. చిన్న ఆసుపత్రులకు ఇదే అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం. కొత్తగా పాఠం చెప్పడానికి ఇది చాలదు, ఒకసారి నేర్పినదానిని నిలబెట్టడానికి మాత్రం దీనికి సాటి లేదు. నేర్చుకున్న నైపుణ్యం వాడకపోతే కొద్ది నెలల్లోనే సడలిపోతుంది కాబట్టి, ఏడాదికొకసారి పూర్తి రోజు శిక్షణ పెట్టి ఊరుకోవడం కంటే, ఆ రోజును సగానికి తగ్గించి మిగిలిన సమయాన్ని ఇలా చిన్న ముక్కలుగా పంచుకోవడం మేలు. చిక్కల్లా, ఎవరి బాధ్యతో రాసిపెట్టకపోతే రెండు వారాలకే ఇది ఆగిపోతుంది.

ప్రమాదాన్ని బట్టి ఎంపిక

సూదులు, బ్లేడ్ల విషయంలో శిక్షణకు గట్టి సమర్థన ఉంది. ప్రపంచంలోని మూడున్నర కోట్ల మంది ఆరోగ్య సిబ్బందిలో ఏటా సుమారు 30 లక్షల మంది ఈ విధంగా రోగుల రక్తానికి గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నివేదికలో అంచనా వేసింది. వ్యాధి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకున్నప్పుడు, టీకా వేయించుకోనివారికి హెపటైటిస్ బి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది, హెచ్‌ఐవీకి అది దాదాపు 0.3 శాతం. సిబ్బంది భయమంతా హెచ్‌ఐవీ మీద, నిర్లక్ష్యమంతా టీకా మీద ఉండటం చాలాచోట్ల కనిపిస్తుంది. మంచి శిక్షణ ఈ అంచనాను సరిచేయాలి. హెచ్‌ఐవీ నివారణ మందులను వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి కాబట్టి, గుచ్చుకున్న వెంటనే పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చి ఉండాలి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, "ఇప్పుడు గుచ్చుకుంటే ఎక్కడికి వెళతావమ్మా" అని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగిందంటే శిక్షణ పనిచేసినట్టే. ఇక్కడ సరైన ఎంపిక, విషయానికి ఆన్‌లైన్ పాఠం, చేతికి సాధన, ఫోన్ నంబరుకు వార్డులో పునశ్చరణ.

రోగులను ఎత్తడం, జరపడం విషయంలో నా సలహా కొందరికి రుచించకపోవచ్చు. "మోకాళ్లు వంచండి, నడుం నిటారుగా ఉంచండి" అని నేర్పే తరగతులు ఎంతో కాలంగా నడుస్తున్నాయి. బరువులెత్తే పద్ధతుల మీద సలహాలు, శిక్షణ నడుంనొప్పిని నివారిస్తాయనడానికి ఆధారం దొరకలేదని 2011లో వెలువడిన కొక్రేన్ సమీక్ష తేల్చింది. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్‌కు చెందిన నిపుణుడు 2007లో సూచించిన లెక్క ప్రకారం, అనుకూలమైన పరిస్థితుల్లో కూడా ఒక వ్యక్తి చేతులతో ఎత్తదగిన రోగి బరువు సుమారు 16 కిలోలు. పెద్దవయసు రోగి ఎవరూ ఆ పరిమితిలో ఇమడరు. అందువల్ల భంగిమలు మాత్రమే నేర్పే కార్యక్రమానికి డబ్బు పెట్టవద్దు. జారుడు షీట్లు, ఎత్తే యంత్రం, సర్దుబాటయ్యే మంచం తెచ్చి, వాటి వాడకాన్ని వార్డులో, నిజమైన మంచం దగ్గర నేర్పే కార్యక్రమాన్ని ఎంచుకోండి. యంత్రం మూలన పడి ఉందంటే దాన్ని తెచ్చి తగిలించే సమయం సిబ్బందికి లేదేమో, పట్టీలు ఉతకడానికి వెళ్లి తిరిగి రాలేదేమో ముందు కనుక్కోవాలి.

దాడుల విషయంలోనూ ఆశలు అదుపులో ఉంచుకోవాలి. ఆరోగ్య సిబ్బందిపై దౌర్జన్యాలను తగ్గించే శిక్షణల మీద 2020లో వచ్చిన మరొక కొక్రేన్ సమీక్ష ప్రకారం, అవి కొంతకాలం అవగాహననూ, దృక్పథాన్నీ మెరుగుపరచవచ్చు గానీ, సంఘటనల సంఖ్యను తగ్గించకపోవచ్చు. ఆత్మరక్షణ పట్లు నేర్పే ఆకర్షణీయమైన కార్యక్రమాలకంటే, కోపంగా ఉన్న బంధువుతో ఎంత దూరంలో నిలబడాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, తలుపు ఏ వైపు ఉండాలి, ఎప్పుడు మాటలాపి బయటికి వచ్చేయాలి అన్నవి ఇద్దరిద్దరుగా నటించి సాధన చేయించే కార్యక్రమం ఉపయోగకరం. దానితోపాటు హెచ్చరిక గంట, ప్రవేశ నియంత్రణ, ఫిర్యాదును ఆసుపత్రే స్వయంగా ముందుకు తీసుకువెళ్లే నిబంధన ఉండాలి. పని ప్రపంచంలో హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఆమోదించిన 190వ ఒప్పందం కూడా శిక్షణను యజమాని బాధ్యతల్లో ఒకటిగానే పేర్కొంది. విధానం, ప్రమాద అంచనా, నివారణ చర్యలు దాని పక్కనే ఉన్నాయి.

రసాయనాలు, రేడియేషన్ వంటివి కొద్దిమందికే సంబంధించినవి. వాటికి అందరినీ పిలవకుండా ఆ విభాగంలోనే, ఆ విభాగపు నిపుణుడితో చెప్పించడం చాలు.

బయటి సంస్థా, సొంత శిక్షకులా

బయటి సంస్థ విషయ పరిజ్ఞానం తెస్తుంది, ఆసుపత్రి లోపలి మొహమాటాలు దానికి ఉండవు. వార్డు ఎలా నడుస్తుందో మాత్రం దానికి తెలియదు. సొంత శిక్షకుడు రాత్రి రెండు గంటలకు కూడా అందుబాటులో ఉంటాడు, కానీ అతనికి సొంత డ్యూటీ భారం తగ్గించకపోతే శిక్షణ పేరుకే మిగులుతుంది. వందకు పైగా సిబ్బంది ఉన్నచోట మొదటి ఏడాది బయటివారితో విభాగానికి ఇద్దరి చొప్పున సొంత శిక్షకులను తయారుచేయించుకుని, తర్వాత వారిమీద నడపడం అన్నివిధాలా లాభం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2014లో వెలువరించిన హెల్త్‌వైజ్ కరదీపిక, శిక్షకుల మార్గదర్శిని ఇలాంటి ప్రయత్నానికి మంచి ఆధారం. సిబ్బందే తమ విభాగంలో తిరిగి లోపాలను గుర్తించి, తక్కువ ఖర్చుతో సరిదిద్దుకునే పద్ధతి మీద అది నడుస్తుంది. పదిమందో పాతికమందో ఉండే క్లినిక్‌కు సంస్థలతో పనిలేదు. ఉచిత ఆన్‌లైన్ కోర్సు, ఏడాదికి ఒకటి రెండు సాధన పూటలు, డ్యూటీ మార్పిడి మాటలు సరిపోతాయి.

ఏ పద్ధతి ఎంచుకున్నా అందులోంచి జారిపోయేది పారిశుద్ధ్య సిబ్బంది, లాండ్రీ పనివారు, అంబులెన్స్ డ్రైవర్లు, హౌస్ సర్జన్లు, నర్సింగ్ విద్యార్థులు. కాంట్రాక్టు మీద ఉన్నవారికి ఆసుపత్రి ఈమెయిల్ ఉండదు, అందువల్ల ఆన్‌లైన్ కోర్సులో పేరే ఉండదు. చెత్త సంచి ఎత్తుతుండగా ఆయాకు గుచ్చుకునే సూది ఆమె వాడినది కాదు, వైద్యుడో నర్సో చెత్తలో వదిలేసినది. ఆమెకు మందపాటి గ్లౌజులు, టీకా, ఫోన్ నంబరు ఇవ్వాలి. పాఠం మాత్రం ఆ సూదిని వదిలేసినవారికి చెప్పాలి. ఎవరికి గాయమైందో వారినే శిక్షణకు పంపే అలవాటు అన్నిచోట్లా ఉంది, అది మారాలి.

ఫలితాన్ని ఎలా కొలవాలి

డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో ప్రతిపాదించిన నాలుగు అంచెల కొలమానం ఇప్పటికీ పనికివస్తుంది: హాజరైనవారికి నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో తీరు మారిందా, ఫలితం మారిందా. శిక్షణ సంస్థలు ఇచ్చే నివేదికలు సాధారణంగా మొదటి అంచె దగ్గర, మహా అయితే రెండో అంచె దగ్గర ఆగుతాయి. యాజమాన్యం అడగవలసింది మూడోది. సూదుల డబ్బాలు ఎక్కడెక్కడ మూడు వంతులు దాటి నిండి ఉన్నాయి, దుస్తులు విప్పే వరుస పాటిస్తున్నారా, ఎత్తే యంత్రం వారంలో ఎన్నిసార్లు బయటికి వచ్చింది అన్నవి కళ్లతో చూసి లెక్కపెట్టగలిగినవే. నమోదైన ప్రమాదాల సంఖ్యను మాత్రం తొందరపడి కొలమానంగా వాడకూడదు. అంతవరకూ దాచిన గాయాలను మంచి శిక్షణ తర్వాత చెప్పడం మొదలుపెడతారు కాబట్టి మొదటి నెలల్లో సంఖ్య పెరుగుతుంది. ఆ పెరుగుదలకు విభాగాధిపతిని నిలదీస్తే, మరుసటి నెల నుంచి నివేదికలు ఆగిపోతాయి, సూదులు గుచ్చుకోవడం ఆగదు.

చివరిగా శిక్షణ సంస్థతో ఒప్పందం రాసుకునేటప్పుడు రెండు షరతులు పెట్టాలి. శిక్షణ డ్యూటీ గంటల్లోనే, రాత్రి డ్యూటీవారికి వారి వేళల్లోనే జరగాలి, సెలవు రోజున పిలిపించడం కుదరదు. మూడు నెలల తర్వాత శిక్షకుడు ఒక పూట వార్డులో నిలబడి, తాను నేర్పినది ఎంతవరకు నిలిచిందో చూసి రాతపూర్వకంగా ఇవ్వాలి, చివరి విడత సొమ్ము ఆ తర్వాతే చెల్లించాలి. రెండో షరతుకు ఒప్పుకోని సంస్థ ఎంత తక్కువ ధర చెప్పినా పక్కన పెట్టవచ్చు.